అమ్మ బీఈడీ అంటోంది, నాకేమో సోషల్ వర్క్ చదవాలనుంది

ఈ వారం ఉత్తరం గాజువాక నుంచి ఒక చెల్లి రాసింది. పేరు వద్దంది కాబట్టి పేరు లేకుండానే ఇస్తున్నా, కొంచెం కుదించాను.

"అక్కా, నేను బీకామ్ ఫైనలియర్. నాన్న స్టీల్‌ప్లాంట్‌లో కాంట్రాక్ట్ వర్కర్, అమ్మ ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది. కిందటేడు అమ్మమ్మ ఇరవై రోజులు ఆస్పత్రిలో ఉన్నప్పుడు అక్కడ ఒక మేడమ్ రోజూ వచ్చి మా దగ్గర కూర్చునేవారు, డాక్టర్ చెప్పింది మాకు అర్థమయ్యేలా చెప్పేవారు, డిశ్చార్జ్ అయ్యాక ఇంట్లో ఎవరు చూసుకుంటారు అని అడిగేవారు. ఆవిడ ఎమ్మెస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్‌లో పీజీ, చదివారట. నాక్కూడా అదే చదవాలనుంది. అమ్మేమో 'ఊరోళ్లకి సేవ చెయ్యడానికి కూడా డిగ్రీ కావాలేటి, బేగి బీఈడీ చేసీ' అంటోంది. రాత్రుళ్లు ఎక్కడెక్కడికో తిప్పుతారని భయం కూడా. అమెరికాలో ఉన్న మా పెద్దనాన్న కూతురు ఇక్కడికొచ్చి చెయ్యి అంటోంది. నేను డిగ్రీలో సోషల్ వర్క్, అదే బీఎస్‌డబ్ల్యూ, చదవలేదు కదా, సీటు ఇస్తారా? ఇంకో సంగతి, ఎవరు ఏడుస్తున్నా నాకు ఏడుపొచ్చేస్తుంది. నేను ఈ పనికి పనికొస్తానా?"

చెల్లీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ అమ్మగారన్న మాట మా అమ్మ కూడా అంది, ఇంచుమించు అవే మాటలతో, ఇరవై ఏళ్ల పైన అయింది. అప్పుడు నాకు సమాధానం తెలీక గొడవపడ్డాను. నువ్వు గొడవపడకు. మీ అమ్మ బ్లౌజులు కుడతారన్నావు కదా, ఆవిడనే అడుగు, కొలత తీసుకోకుండా గుడ్డ మీద కత్తెర పెడతావా అని. పక్కింట్లో ఎవరికో కష్టం వస్తే మనం చేతిలో ఉన్నది ఇచ్చేస్తాం, అది మంచి మనసు, దానికి డిగ్రీ అక్కర్లేదు, అమ్మ చెప్పింది నిజమే. కానీ ఒక తాగుడు మానలేని మనిషి, దెబ్బలు తిని పిల్లల్ని తీసుకుని పుట్టింటికొచ్చేసిన ఆడపిల్ల, స్టేషన్‌లో రైలు దిగి ఇంటి పేరు చెప్పని పదేళ్ల పిల్లాడు, వీళ్లకి ఏం చెయ్యాలో మంచి మనసుకి తెలీదు. ముందు కొలత తీసుకోవాలి. ఇంట్లో ఎవరున్నారు, డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, ఎవరి మాట వింటారు, ఏ చట్టం ఏ ఆఫీసు ఉపయోగపడుతుంది, అన్నిటికన్నా ముందు ఆ మనిషికి ఏం కావాలి. సోషల్ వర్క్ అంటే ఆ కొలత తీసుకోవడం నేర్పే చదువు.

ఇది నిన్నమొన్న పుట్టిన కోర్సు కూడా కాదు. బొంబాయిలో నాగ్‌పాడా బస్తీలో పనిచేస్తున్న క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అనే ఆయన, ఊరికే సేవ చేస్తే చాలదు, చేసేవాళ్లకి శిక్షణ కావాలి అని గట్టిగా అనుకోబట్టే 1936లో సర్ దొరాబ్జీ టాటా గ్రాడ్యుయేట్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్ మొదలైంది, అదే 1944 నుంచి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్, మనమంతా టిస్ అంటాం.

సరే, అసలు విషయానికొస్తా. ఈ చదువులో క్లాసులు ఒక సగం, ఫీల్డ్‌వర్క్ ఇంకో సగం, నన్నడిగితే ఆ రెండో సగమే ఎక్కువ. వారానికి రెండు రోజులు ఏదో ఒక ఏజెన్సీకి పంపిస్తారు, అంటే ఆస్పత్రో, పిల్లల హోమో, బస్తీయో, ఫ్యాక్టరీయో. సాయంత్రం ఇంటికొచ్చి ఆరోజు జరిగిందంతా రికార్డు రాయాలి. వారానికోసారి సూపర్‌వైజర్ ఒక్కొక్కళ్లని కూర్చోబెట్టి ఆ రికార్డు మీద మాట్లాడతారు, దాన్ని ఇండివిడ్యువల్ కాన్ఫరెన్స్ అంటాం. మధ్యలో పల్లెకి క్యాంపు, చివర్లో ఒకే చోట నెల రోజులో అంతకన్నా ఎక్కువో ఉండే బ్లాక్ ప్లేస్‌మెంట్. ఇది ఎలా పనిచేస్తుందో నా సొంత కథ చెప్తే నీకు తెలుస్తుంది.

2003లో ఫస్టియర్‌లో నన్ను టీబీ సెంటర్‌లో వేశారు. అప్పట్లో మందులు రోజూ కాదు, వారానికి మూడు రోజులు, మొదటి రెండు మూడు నెలలు పేషెంట్ సెంటర్‌కొచ్చి మన కళ్లముందే మింగాలి. రావడం మానేసిన వాళ్ల లిస్టు నా చేతిలో పెట్టి ఇళ్లకెళ్లి తీసుకురమ్మన్నారు. అందులో ఒకాయన ఫిషింగ్ హార్బర్ దగ్గర సందుల్లో ఉంటారు, బోటు మీద కలాసీ, నలభై ఏళ్లుంటాయి. వెళ్లాను, గుమ్మంలో నిలబడి పావుగంట చెప్పాను, మందు మధ్యలో ఆపితే క్రిములు మొండికేస్తాయి, తర్వాత ఏ మందూ పనిచెయ్యదు, పిల్లలకి అంటుకుంటుంది అని. ఆయన తల దించుకుని విని "సరేనమ్మా, వస్తాను" అన్నారు. ఇంటికొచ్చి ఒకటిన్నర పేజీ రికార్డు రాశాను, చాలా బాగా చేశాననుకున్నాను. మా సూపర్‌వైజర్ మేడమ్ దాని మీద ఎర్ర ఇంకుతో ఒక్క లైను రాశారు: ఇందులో ఆయన మాట్లాడింది ఒక్కటే మాట, మిగతాదంతా నువ్వే. నోటితో ఇంకోటి చెప్పారు, "మళ్లీ వెళ్లు, ఈసారి ఏం చెప్పకు, కూర్చుని రా."

వెళ్లి కూర్చున్నాను. ఆయన భార్య ఎండుచేపలు ఏరుతోంది, నేనూ పక్కన కూర్చుని ఏరుతుంటే అరగంటకి ఆవిడే మొదలుపెట్టింది. "వేటకెళ్తే పది పన్నెండు రోజులు సముద్రంలోనే ఉంటారు కదమ్మా, సోమారం బుధారం శుక్రారం సెంటర్‌కి ఎలాగొస్తారు?" ఇంత చిన్న విషయం మా లిస్టులో ఎక్కడా లేదు. దాని కింద ఇంకో విషయం ఉంది, అది ఇంకా పెద్దది, దగ్గుతున్నాడని బోటులో తెలిస్తే తర్వాత వేటకి తీసుకెళ్లరు, వెళ్లకపోతే వాటా రాదు. ఆ మనిషికి మందు గురించి తెలీక కాదు, నాకన్నా బాగా తెలుసు, కానీ ఆయన లెక్కలో ఒక వైపు ఊపిరితిత్తులు, ఇంకో వైపు ముగ్గురు పిల్లల అన్నం.

నేను పరిగెత్తుకెళ్లి బోటు ఓనర్‌తో మాట్లాడేస్తానన్నాను. మేడమ్ ఆపారు. ఆయన జబ్బు గురించి ఇంకొకరికి చెప్పే హక్కు నీకెక్కడిది, ఆయన్ని అడిగావా అన్నారు. క్లాసులో కాన్ఫిడెన్షియాలిటీ (వాళ్ల సంగతి బయటపెట్టకపోవడం), సెల్ఫ్ డిటర్మినేషన్ (వాళ్ల నిర్ణయం వాళ్లదే) అని రాసుకున్న మాటలు అప్పుడు నాకు ఒంటికి పట్టాయి చెల్లీ. మూడోసారి వెళ్లి ఉన్న దారులన్నీ ఆయన ముందు పెట్టాను. బోటు నడిపే ఆయనకి చెప్పి మందులు ఆయన చేతికివ్వడానికి సెంటర్ వాళ్లని అడగొచ్చు, లేదా మొదటి రెండు నెలలు ఒడ్డున ఉండొచ్చు. ఆయన రెండోది తీసుకున్నారు. ఒంట్లో బాలేదని మాత్రం చెప్పి వలలు బాగుచేసే పనికి మారారు, కూలి తక్కువే, ఆ తక్కువని సర్దడానికి భార్య డ్వాక్రా గ్రూపులో చిన్న అప్పు తీసుకుని ఎండుచేపల బేరం కొంచెం పెంచింది, ఆ కాగితాల పనిలో నేను తిరిగాను. రెండు నెలలయ్యాక వారం వారం స్ట్రిప్పు ఇంటికిచ్చే దశ వస్తుంది, అప్పుడు మందులు జేబులో పెట్టుకుని వేటకెళ్లారు. ఆరు నెలల కోర్సు పూర్తయింది. ఇప్పుడు టీబీ మందులు రోజూ వేసుకునే పద్ధతిలోకి మారిపోయాయి, ఆ రెడ్ ఇంకు లైను ఉన్న పేజీ మాత్రం నా దగ్గర ఇంకా ఉంది.

అందుకే నీకు గట్టిగా చెప్పేది ఒకటే, కాలేజీ పేరు చూసి కాదు, ఫీల్డ్‌వర్క్ చూసి చేరు. చేరే ముందు అక్కడ చదువుతున్న సీనియర్లని ఇద్దరిని పట్టుకుని అడుగు: వారానికి ఎన్ని రోజులు నిజంగా వెళ్తారు, ఏయే చోట్లకి పంపుతారు, మీ రికార్డు ఎవరైనా చదువుతారా లేక సంతకం పెట్టి ఇచ్చేస్తారా, కాన్ఫరెన్స్ ప్రతివారం జరుగుతుందా, బస్సు ఖర్చులు ఎవరివి. రికార్డు చదవని చోట రెండేళ్లు వేస్ట్. ఫీల్డ్‌కి వెళ్లకుండానే సర్టిఫికెట్ ఇప్పిస్తామనే చోట్లు కూడా ఉన్నాయి, అలాంటి చోట చదివిన పిల్లలు మా దగ్గరికి ఇంటర్వ్యూకి వస్తే, ఒక కేసు గురించి చెప్పు అంటే బిక్కమొహం వేస్తారు, తప్పు వాళ్లది కాదు గానీ చూస్తుంటే బాధేస్తుంది.

బీఎస్‌డబ్ల్యూ లేదని దిగులు వద్దు. ఎమ్మెస్‌డబ్ల్యూ రెండేళ్ల పీజీ, ఏ డిగ్రీ ఉన్నా అప్లై చెయ్యొచ్చు, బీకామ్ అయితే ఇంకా మంచిదే, సంస్థల లెక్కలు, ప్రాజెక్టు బడ్జెట్లు నీకు సులువుగా ఎక్కుతాయి. బీఎస్‌డబ్ల్యూ చదివొచ్చిన వాళ్లకి మొదటి సెమిస్టర్ తేలిగ్గా ఉంటుంది, అంతే. మనకి దగ్గర్లో ఆంధ్రా యూనివర్సిటీలోనే సోషల్ వర్క్ డిపార్ట్‌మెంట్ ఉంది, 1926లో పెట్టిన యూనివర్సిటీ, ఇంటి నుంచే బస్సులో వెళ్లిరావొచ్చు. రాష్ట్ర యూనివర్సిటీల్లో సీట్లు ఇప్పుడు ఏపీ పీజీసెట్ అనే ఎంట్రన్స్ ద్వారా, నోటిఫికేషన్ పడగానే బుక్‌లెట్ దించుకుని ఎమ్మెస్‌డబ్ల్యూ ఏ పేపర్ కింద ఉందో చూసుకో, పాత పేపర్లు చెయ్యి. తిరుపతి పద్మావతి మహిళా యూనివర్సిటీలో కూడా ఉంది. టిస్‌కి వెళ్లాలనుంటే దానికి వేరే ఎంట్రన్స్, సీయూఈటీ పీజీ రాయాలి, హైదరాబాద్‌లో కూడా వాళ్ల క్యాంపస్ ఉంది. ఇగ్నోలో దూరవిద్యగా ఎమ్మెస్‌డబ్ల్యూ ఉంది, ఫీల్డ్‌వర్క్ దాంట్లోనూ తప్పనిసరే, ఇప్పటికే ఈ రంగంలో ఉద్యోగం చేస్తూ డిగ్రీ కోసం చూసేవాళ్లకి అది బావుంటుంది, నీలాంటి కొత్తవాళ్లకి మాత్రం రోజూ పక్కన నలుగురు తోటి స్టూడెంట్స్, తిట్టే సూపర్‌వైజర్ ఉండాలనే నేనంటాను.

పుస్తకాలు ఎక్కువ ఇంగ్లీషులోనే ఉంటాయి, మొదట్లో కష్టంగా ఉంటుంది. కానీ పని మొత్తం మన భాషలోనే. వార్డులో శ్రీకాకుళం నుంచి వచ్చిన ముసలావిడ "గుండెల్లో గాబరాగుంది బాబూ" అంటే అది గుండెజబ్బో, కొడుకు రాలేదన్న దిగులో నీకు తెలియాలి, ఆ తెలివి నీకు ఇంట్లోనే వచ్చింది. పాడేరు, అరకు వైపు వెళ్తే తెలుగు కూడా చాలదు, ఆదివాసీ ఒడియా, కువి మాట్లాడతారు, క్యాంపుకెళ్లినప్పుడు పది మాటలైనా నేర్చుకో.

సెకండియర్‌లో స్పెషలైజేషన్ అడుగుతారు, ఇక్కడ తొందరపడకు. మన వైజాగ్‌లో స్టీల్‌ప్లాంట్, పోర్టు, షిప్‌యార్డు, రిఫైనరీ కళ్లముందుండటంతో చాలామంది లేబర్ వెల్ఫేర్, హెచ్‌ఆర్ వైపు వెళ్తారు. దానికీ కారణం ఉంది, 1948 ఫ్యాక్టరీల చట్టం 49వ సెక్షన్ ప్రకారం 500 మంది, ఆపైన కార్మికులున్న ఫ్యాక్టరీలో వెల్ఫేర్ ఆఫీసర్‌ని పెట్టాల్సి ఉండేది, దాని స్థానంలో 2020లో చేసిన కొత్త కార్మిక కోడ్‌లో ఆ సంఖ్య 250. మీ నాన్నగారు కాంట్రాక్ట్ వర్కర్ కదా, క్యాంటీన్ దగ్గర, గేట్ పాస్ దగ్గర, పీఎఫ్ దగ్గర ఏమేం జరుగుతాయో ఆయన్ని ఒక సాయంత్రం కూర్చోబెట్టి అడుగు, ఏ సిలబస్‌లోనూ దొరకని పాఠం అది. ఆయనలాంటి వాళ్ల కోసం పనిచెయ్యాలనిపిస్తే ఆ దారి చాలా గొప్పది.

నీ ఉత్తరం చదివితే మాత్రం నీ మనసు ఆస్పత్రి వైపుందనిపిస్తోంది. మెడికల్ అండ్ సైకియాట్రిక్ సోషల్ వర్క్ అంటారు. పెద్ద ఆస్పత్రులు, వాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆస్పత్రి, హెచ్‌ఐవీ కౌన్సెలింగ్ సెంటర్లు, డీఅడిక్షన్ సెంటర్లు, అవయవదానం కోఆర్డినేటర్లు ఇవన్నీ ఇటు వైపువే. ఒక్క సంగతి ముందే తెలుసుకో, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో సైకియాట్రిక్ సోషల్ వర్కర్ అంటే ఎమ్మెస్‌డబ్ల్యూ పైన రెండేళ్ల ఎంఫిల్ కూడా చేసినవాళ్లని రాశారు, బెంగళూరులో మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్‌ది అందులో పేరున్నది. ఎంఫిల్ అనే డిగ్రీనే యూజీసీ ఎత్తేసింది కాబట్టి నువ్వు అక్కడికొచ్చే వేళకి ఆ కోర్సు ఏ రూపంలో ఉందో అప్పుడు చూసుకోవాలి. 2021లో వచ్చిన అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టంలో మెడికల్ సోషల్ వర్కర్లని, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లని పేరుపెట్టి చేర్చారు, నర్సులకి ఉన్నట్టు మాకూ రిజిస్ట్రేషన్, ఒక గుర్తింపు కావాలని ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నవాళ్లం, అది చూసి ఆరోజు చాలా సంతోషపడ్డాను.

పిల్లల వైపు వెళ్తే 2015 జువెనైల్ జస్టిస్ చట్టం కింద జిల్లా బాలల పరిరక్షణ విభాగాలున్నాయి, ఆడవాళ్ల వైపు హింసకి గురైనవాళ్లకి సాయం చేసే వన్‌స్టాప్ సెంటర్లు, కుటుంబ కౌన్సెలింగ్. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ వచ్చాక పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సీఎస్‌ఆర్‌కి, అంటే సమాజం కోసం చేసే పనులకి, ఖర్చుపెట్టాల్సి వచ్చింది, ఆ పని చూడ్డానికి కూడా మనవాళ్లని తీసుకుంటున్నారు. తుఫాన్లు, ప్రమాదాలు సరేసరి, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్, 2020 మే 7న ఆర్‌ఆర్ వెంకటాపురం గ్యాస్ లీక్, ఆ రోజులు మనకెవరికీ చెప్పక్కర్లేదు. టీవీ వాళ్లు వెళ్లిపోయాక కూడా రాత్రి ఉలిక్కిపడి లేచే పిల్లలుంటారు, వాళ్ల పక్కన ఎవరో ఒకరు ఉండాలి కదా.

జీతం గురించి దాచను. ప్రభుత్వ పథకాల్లో చాలా పోస్టులు కాంట్రాక్ట్ మీద, ఔట్‌సోర్సింగ్ మీద ఉంటాయి, ఏడాదికోసారి రెన్యువల్ కోసం ఎదురుచూడాలి, కొన్నిసార్లు రెండు మూడు నెలల జీతం ఒకేసారి వస్తుంది. నీతోపాటు ఇంటర్ చదివి బీటెక్‌కి వెళ్లినవాళ్లతో పోల్చుకుంటే మొదటి నాలుగైదేళ్లు మనసు చివుక్కుమంటుంది. హెచ్‌ఆర్, సీఎస్‌ఆర్ వైపు కొంచెం నయం. ఇంట్లో నీ సంపాదన మీద వెంటనే ఆధారపడే పరిస్థితి ఉంటే అది అమ్మతో ఇప్పుడే మాట్లాడు, తర్వాత కాదు. బీఈడీ తక్కువ చదువని నేననడం లేదు, మీ అమ్మ భయంలో లెక్క ఉంది.

అమెరికా సంగతి. మీ అక్క చెప్పింది అబద్ధం కాదు, అక్కడ ఈ వృత్తికి మంచి పద్ధతి ఉంది. సీఎస్‌డబ్ల్యూఈ అనే సంస్థ గుర్తించిన యూనివర్సిటీలో చదవాలి, ఎమ్మెస్‌డబ్ల్యూలో కనీసం 900 గంటల ఫీల్డ్, తర్వాత ఏ రాష్ట్రంలో పనిచేస్తే ఆ రాష్ట్రం లైసెన్స్. కానీ ఇది స్టెమ్ కోర్సుల్లోకి, అంటే సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కల చదువుల్లోకి రాదు, కాబట్టి చదువయ్యాక పనిచేసుకోడానికి ఇచ్చే ఓపీటీ అనే అనుమతి ఒక్క ఏడాదే, స్టెమ్ పిల్లలకొచ్చే ఇంకో రెండేళ్లు నీకు రావు. అప్పు చేసి వెళ్లి ఆ ఒక్క ఏడాదిలో తీర్చడం ఎలాగో లెక్క వేసుకో. ఇక్కడ ఎమ్మెస్‌డబ్ల్యూ చేసి నాలుగేళ్లు పని చేశాక కూడా వెళ్లొచ్చు, బయటి దేశాల సోషల్ వర్క్ డిగ్రీని పరిశీలించి గుర్తించే ఏర్పాటు అదే సంస్థ దగ్గరుంది. నా మాట అడిగితే ముందు ఇక్కడ.

ఇంక నువ్వు చివర్లో మెల్లిగా అడిగిన ప్రశ్న, నాకు అన్నిటికన్నా ముఖ్యమైంది అదే. ఏడుపొచ్చేస్తుంది, పనికొస్తానా అని. చెల్లీ, నాకు ఇప్పటికీ వస్తుంది. కిందటి నెల డయాలసిస్ వార్డులో ఒకాయన, ఇంక నాకు ఇది వద్దమ్మా, నా కూతురి పెళ్లి డబ్బులు అయిపోతున్నాయి అన్నప్పుడు కళ్లనిండా నీళ్లొచ్చాయి. వచ్చినా ఆయన మాట పూర్తయ్యేదాకా కదలకుండా కూర్చోగలిగాను, అది నేర్చుకున్న పని. మొదట్లో నేను ఏడ్చి, పేషెంటే నన్ను ఓదార్చిన రోజులున్నాయి, అప్పుడు ఆ మనిషి తన బాధ పక్కనపెట్టి నా బాధ మోశారు, అది జరక్కూడదు. కాన్ఫరెన్స్‌లో సూపర్‌వైజర్ అడిగేది సరిగ్గా ఇదే, అక్కడ నీకెందుకు ఏడుపొచ్చింది, నీ ఇంట్లో ఏది గుర్తొచ్చింది అని. చెప్పడానికి సిగ్గుపడకు, రికార్డులో కూడా రాయి. నాకు భయమేసేది ఏ బాధా తగలని పిల్లల్ని చూస్తే, నిన్ను చూస్తే కాదు. ఒకటే షరతు, ఇంట్లో అమ్మమ్మ సంగతి ఇంకా పచ్చిగా ఉంటే మొదటి ప్లేస్‌మెంట్ ముసలివాళ్ల వార్డు కాకుండా వేరేది అడుగు, ఇస్తారు.

అమ్మకి ఇంకో భయం ఉందన్నావు, రాత్రుళ్లు ఎక్కడికో తిప్పుతారని. ఫీల్డ్‌వర్క్ మామూలుగా పగలే, ఆఫీసు టైముల్లోనే, క్యాంపుకెళ్తే టీచర్లు కూడా ఉంటారు. ఈ మాట నా నోటినుంచి కన్నా అక్కడివాళ్ల నోటినుంచి వింటే అమ్మకి నమ్మకం కుదురుతుంది. ఏదైనా పనిరోజు ఇద్దరూ గాజువాకలో బస్సెక్కి మద్దిలపాలెంలో దిగండి, క్యాంపస్‌లోకి నడిచి సోషల్ వర్క్ డిపార్ట్‌మెంట్ ఎక్కడో అడిగి వెళ్లండి. నువ్వు మాట్లాడకు, అమ్మనే అడగనీ, మా పిల్లని ఎక్కడికి పంపిస్తారు, ఎన్నింటికి వదుల్తారు, తోడెవరుంటారు, ఇది చదివినవాళ్లు ఇప్పుడేం చేస్తున్నారు అని. వాళ్లేమన్నారో, దారిలో అమ్మ ఏమందో, రెండూ నాకు మళ్లీ రాయి.